తూకము చెప్పని మాట

(మన సంఘ మహిళా విభాగమువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మనము సాధారణముగా పిల్లల తెలుగు చదువులను గూర్చియు, సభల ఏర్పాట్లను గూర్చియు మాట్లాడుకొనుచుందుము. ఈ దినమున మేము ఎత్తుకొనిన విషయము అంత సుఖమైనది కాదు. అయినను మన ఇండ్లలోని స్త్రీల ప్రాణములకు సంబంధించినది గనుక దాచిపెట్టుకొనదగినది కాదు.

మా వదినగారికి కడుపులో ఏదో ఉబ్బరముగా నున్నదని మొదటిసారి వైద్యునివద్దకు పోయిన దినమున ఆమె బరువు 58 కిలోలు. పరీక్షలన్నియు ముగిసి, అండాశయమునకు క్యాన్సరు సోకినదని తేలి, మొదటి విడత మందు ఎక్కించుటకు ఆసుపత్రిలో చేర్చుకొనునప్పటికి రెండున్నర నెలలు గడచినవి. ఆ దినమున తూచిరి. బరువు 58 కిలోలే. మేమందరము ఎంతో సంతోషించితిమి. “బరువేమీ తగ్గలేదు, జబ్బు ముదరలేదు” అని బంధువులకు ఫోనులో చెప్పితిమి. కాని దీపము వెలిగించుటకు ఆమె చేయి పైకెత్తినపుడెల్ల, మణికట్టున బిగువుగా నుండవలసిన గాజులు మోచేతి వరకు జారుచుండెను. మేము చూచితిమి, చూచియు ఆ గాజులు చెప్పుచున్న మాటను గ్రహింపలేకపోయితిమి. మరునాడు ఆమె ఉదరమునుండి నాలుగు లీటర్ల నీరు తీసిరి. కాటాపై మరల నిలువబెట్టగా 54 కిలోలు తూగినది. ఆ రెండున్నర నెలలలో ఆమె కండ కరగిపోయినది. దాని చోటున నీరు చేరినది. తూకమునకు కండయు నీరును ఒక్కటే. వ్యాధిగ్రస్తురాలికి మాత్రము ఒక్కటి కావు. నేటి మా ప్రసంగమున కంతకును ఇదియే సారము.

మొదట ఈ వ్యాధిని గూర్చి నాలుగు మాటలు. అండాశయములు పెద్ద బాదము గింజంత పరిమాణము గలవి. పొత్తికడుపులో గర్భాశయమునకు ఇరుప్రక్కల లోతుగా నుండును. అందు పుట్టిన గడ్డ చేతికి తగులదు, కంటికి కనబడదు. ఉదరపు లోపలి పొర వెంబడి విత్తనములు చల్లినట్లు వ్యాపించును. అందుచేత చాలామంది స్త్రీలలో వ్యాధి ముదిరిన పిమ్మటనే బయటపడుచున్నది. 2022 నాటి అంచనాల ప్రకారము మన దేశపు స్త్రీల క్యాన్సరులలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారముల క్యాన్సరుల తరువాతి స్థానము దీనిదే. దీని గుర్తులు మిక్కిలి సాధారణములు: కడుపు ఉబ్బరము, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట. ఇవి మనలో ఎవరికి రావు? కాని ఇట్టివి క్రొత్తగా, ఒక సంవత్సరము లోపల మొదలై, నెలలో పన్నెండు దినములకు మించి కనబడుచున్నచో తప్పక పరీక్ష చేయించుకొనవలెనని 2007లో అమెరికా వైద్యులు ఒక కొలతను సూచించిరి. ఆ కొలత మనకును ఉపయోగపడును.

చికిత్స ముఖ్యముగా రెండు విధములు. శస్త్రచికిత్సచే గడ్డలను వీలైనంతవరకు తొలగించుట ఒకటి; రసాయన చికిత్స, అనగా కీమోథెరపీ, రెండవది. రసాయన చికిత్స పేరు చెప్పగనే తెలుగువారమగు మనకు యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి రావలెను. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా చేరిన ఆ మహనీయుని పర్యవేక్షణలో తయారైన మందులే రక్త క్యాన్సరుపై తొలి విజయములకు ఆధారమైనవి. అండాశయ క్యాన్సరునకు మాత్రము ముఖ్యమైన మందులు ప్లాటినము నుండి వచ్చినవి. 1965లో బార్నెట్ రోసెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు విద్యుత్తు ప్రసరించిన ద్రావణములో సూక్ష్మజీవులు విభజన చెందక నిలిచిపోవుట గమనించెను. దానికి కారణము ప్లాటినము తీగెలనుండి ఊడివచ్చిన పదార్థమని తేలినది. ఆ మార్గమున వచ్చిన సిస్‌ప్లాటిన్‌కు అమెరికాలో 1978లో అనుమతి లభించినది. దానికంటె సౌమ్యమైన కార్బోప్లాటిన్ 1989లోను, యూ అను వృక్షపు బెరడునుండి మొదట తీసిన పాక్లిటాక్సెల్ 1992లోను వచ్చినవి. నేడును సాధారణముగా కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ రెండును కలిపి, మూడు వారముల కొకమారు చొప్పున ఆరు విడతలు ఇచ్చుచున్నారు.

ఇక మన విషయమునకు వత్తము. మనిషి దేహమున ఎముక, కండ, కొవ్వు, నీరు అను వేరువేరు భాగములు కలవు. మన భాషకు ఈ తేడా బాగుగా తెలియును. “కండపట్టినది” అనుట వేరు, “కొవ్వు పట్టినది” అనుట వేరు, “నీరు పట్టినది” అనుట వేరు. మన ముసలమ్మలు మనిషిని చూడగనే ఈ మూడింటిలో ఏదియో చెప్పగలిగెడివారు. కాటాకు ఆ వివేకము లేదు. అన్నిటిని కలిపి ఒక్క అంకె చెప్పి ఊరకుండును. ఎత్తుతో బరువును పోల్చి చూచు బి.ఎం.ఐ. లెక్కయు అట్టిదే. మా వదినగారి ఎత్తు 150 సెంటీమీటర్లు. 58 కిలోల లెక్కన ఆమె బి.ఎం.ఐ. 25.8. ఆసియా ప్రజలకు 23 దాటినచో జాగ్రత్త పడవలెనని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పియుండిరి. ఆ లెక్క ప్రకారము ఆమె అధిక బరువు గల మనిషి. గాజుల లెక్క ప్రకారము ఆమె చిక్కి శల్యమగుచున్న మనిషి. గాజుల లెక్కయే నిజము. అదియు గాక మన దేశీయులలో పైకి సన్నముగా కనబడుచు, లోపల కండ తక్కువగాను కొవ్వు ఎక్కువగాను ఉండువారు పెక్కుమంది యని పూణే నగరమునకు చెందిన డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారు చాలకాలము క్రిందటనే చూపియున్నారు.

కండ తక్కువగుటకు వైద్యులు సార్కోపీనియా అని పేరు పెట్టిరి. 1989లో ప్రచారములోనికి వచ్చిన గ్రీకు మాట యిది. మాంసపు పేదరికమని దాని అర్థము. దీనిని కొలుచుటకు ప్రత్యేకముగా మరియొక పరీక్ష అక్కరలేదు. వ్యాధి ఎంతవరకు వ్యాపించినదో తెలిసికొనుటకు తీయు సి.టి. స్కాన్‌లోనే, నడుము వెన్నుపూసలలో మూడవదాని దగ్గరి చిత్రమున కండరముల వైశాల్యము కొలిచినచో దేహమంతటి కండ పరిమాణము దాదాపుగా తెలియును. 2008లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున ఊపిరితిత్తుల, జీర్ణకోశపు క్యాన్సరు గల స్థూలకాయులను ఇట్లు పరీక్షింపగా, వారిలో నూటికి సుమారు పదునైదుగురికి కొవ్వు మాటున కండ క్షీణించియున్నట్లు తేలినది. అట్టివారు తక్కిన స్థూలకాయులకంటె తక్కువకాలము జీవించిరి. ఆ పరిశోధకులు స్త్రీలకు నిర్ణయించిన హద్దు, ఎత్తు మీటర్లలో వర్గముచేసి భాగించిన పిమ్మట, 38.5 చదరపు సెంటీమీటర్లు. అది కెనడావారి కొలత. మన స్త్రీలకు దానిని యథాతథముగా తగిలించుట సరికాదు. తత్త్వము మాత్రము ఎల్లరకు ఒక్కటే: లావుగా నున్నంతమాత్రమున బలముగా నున్నట్లు కాదు.

ఈ కండకును మందునకును సంబంధమేమి? ఇచ్చట కొంచెము లెక్క చెప్పవలసియున్నది, ఓపికతో వినుడు. పాక్లిటాక్సెల్ మోతాదును దేహపు ఉపరితల వైశాల్యమును బట్టి నిర్ణయింతురు. ఆ వైశాల్యమును ఎత్తు, బరువులనుండి గణించు ప్రసిద్ధ సూత్రము 1916లో డూబోయ్ అను ఇంటిపేరు గల ఇరువురు తొమ్మిదిమందిని మాత్రమే కొలిచి చేసినది. అందు కిలో నీరును కిలో కండయు సమానముగానే లెక్కకు వచ్చును. కార్బోప్లాటిన్ సంగతి వేరు. అది మూత్రపిండముల ద్వారా బయటకు పోవును. కావున 1989లో కాల్వర్ట్ అను ఆంగ్ల వైద్యుడు తన సహచరులతో కలిసి మూత్రపిండముల వడపోత శక్తిని బట్టి మోతాదు నిర్ణయించు సూత్రము నేర్పరచెను. వడపోత శక్తికి 25 కలిపి, వైద్యుడు కోరిన లక్ష్యముచే, అనగా సాధారణముగా 5 లేక 6 చేత, గుణించినచో మిల్లీగ్రాములు వచ్చును.

వడపోత శక్తిని తిన్నగా కొలుచుట కష్టము గనుక, రక్తములోని క్రియాటినైన్‌ను బట్టి అంచనా వేయుదురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. క్రియాటినైన్ కండలనుండి పుట్టునది. మూత్రపిండములు బాగుగా పనిచేసినచో అది రక్తమున తక్కువగా నుండును. కండ కరగిపోయినను తక్కువగానే యుండును. లెక్కకు ఈ రెండింటి తేడా తెలియదు. అరువదియేండ్ల స్త్రీ, బరువు 58 కిలోలు అనుకొందము. క్రియాటినైన్ 0.8 ఉన్నచో, 1976 నాటి కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ సూత్రము ప్రకారము వడపోత శక్తి నిమిషమునకు సుమారు 68 మిల్లీలీటర్లు. లక్ష్యము 5 అయినచో కార్బోప్లాటిన్ సుమారు 465 మిల్లీగ్రాములు. ఆమెకే కండ క్షీణించి క్రియాటినైన్ 0.5కు దిగినదనుకొందము. మూత్రపిండములలో ఏ మార్పును లేకున్నను లెక్క 110 అని చెప్పును. మందు సుమారు 675 మిల్లీగ్రాములగును. దేహము బలహీనపడినకొలది మోతాదు పెరిగినదన్నమాట! పైగా ఈ సూత్రములో బరువు కూడ చేరియున్నది. ఉదరములోని నీరు ఆ బరువును హెచ్చించును. ఈ ప్రమాదము నెరిగియే అనేక వైద్యులు క్రియాటినైన్ 0.7 కంటె తక్కువ వచ్చినను 0.7గానే లెక్కింతురు. వడపోత శక్తిని 125 కంటె ఎక్కువగా లెక్కింపరాదని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించినది.

మోతాదు మించినచో తెల్లకణములు, ప్లేట్‌లెట్లు పడిపోవును. తరువాతి విడత వాయిదా పడును, లేక మందు తగ్గింపవలసివచ్చును. మా వదినగారికి రెండవ విడత తరువాత జరిగినది ఇదియే. ప్లేట్‌లెట్లు కోలుకొనక మూడవ విడత రెండు వారములు ఆగినది. మందు ఆగిన దినములలో వ్యాధి ఆగియుండదు గదా!

దీనికి ఎదురుప్రక్క మరియొక పొరపాటు కలదు. నిజముగనే లావుగా నున్న స్త్రీకి, లెక్క ప్రకారము వచ్చిన మోతాదు చాల ఎక్కువగా నున్నదని భయపడి తగ్గించుట. 2015లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో అండాశయ క్యాన్సరు గల 806 మంది స్త్రీల చికిత్సను పరిశీలింపగా, బి.ఎం.ఐ. ఎక్కువగా నున్నవారికే మోతాదు ఎక్కువగా తగ్గింపబడినట్లును, మోతాదు బాగుగా తగ్గినవారిలో మరణములు హెచ్చుగా నున్నట్లును కనబడినది. స్థూలకాయులకును వారి అసలు బరువు ననుసరించి పూర్తి మోతాదు ఇవ్వవలెనని అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘము 2012లో చెప్పి, 2021లో మరల స్థిరపరచినది. కావున ఎక్కువయు ప్రమాదమే, తక్కువయు ప్రమాదమే. ఎవరికెంత యను ప్రశ్నకు జవాబు దేహపు కూర్పులో కలదు.

చికిత్స జరుగుచుండగా కండ తగ్గుట మరింత శ్రద్ధతో చూడవలసిన సంగతి. 2016లో నెదర్లాండ్సు వైద్యులు శస్త్రచికిత్సకు ముందు మందు తీసికొనిన స్త్రీల స్కానులను పోల్చిచూచిరి. ఆ కాలములో కండ కోల్పోయినవారికంటె కండ నిలుపుకొనినవారు ఎక్కువకాలము జీవించిరి. కండలో కొవ్వు చేరి దాని నాణ్యము చెడుటయు మంచి సూచన కాదని మరికొన్ని పరిశోధనలు చెప్పుచున్నవి. అయితే అన్ని పరిశోధనలును ఒక్క గొంతుతో మాట్లాడుటలేదు. వ్యాధి తీవ్రముగా నున్నవారికే కండ కరగుట సహజము. కావున కండ కరగుటవలననే ఆయువు తగ్గినదని ఖండితముగా చెప్పుటకు వీలులేదు. కండ పెంచినచో క్యాన్సరు నయమగునని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. కండ మందు కాదు. మందును తట్టుకొని ఆరు విడతలను సకాలమున ముగించుటకు దేహమునకు కావలసిన మూలధనము.

ఆ మూలధనమును కాపాడుటలో ఇంటివారి పాత్ర చాల కలదు. మన ఇండ్లలో జబ్బుపడినవారికి పథ్యమనుట ఆచారము. గంజి, జావ, చారన్నము పెట్టి, పప్పు అరగదని, గుడ్డు వేడి చేయునని, పెరుగు పడిశము తెచ్చునని ఒక్కొక్కటిగా మాన్పింతుము. ప్రేమతోనే చేయుదుము; కాని ఆ ప్రేమ కండను కరగించును. క్యాన్సరు రోగులకు దినమునకు కిలో బరువున కొక గ్రాముకంటె ఎక్కువగా, వీలైనచో ఒకటిన్నర గ్రాముల వరకు మాంసకృత్తులు కావలెనని ఐరోపా ఆహార నిపుణుల సంఘము చెప్పుచున్నది. 54 కిలోల స్త్రీకి ఇది 54 మొదలు 81 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉండును. కడుపు నొక్కుకొనిపోయియున్న మనిషి ఒక్కమారు పళ్ళెము నిండ తినలేదు. కావున దినమునకు ఆరేడు మారులు కొంచెము కొంచెముగా పెట్టవలెను: ఒక పెసరట్టు, ఒక గిన్నె పెరుగు, గట్టిగా ఉడికిన పప్పు, తినువారికి చేప, గుడ్డు. మూత్రపిండముల జబ్బుగాని మధుమేహముగాని ఉన్నవారికి, ప్రేగులకు అడ్డు తగిలినవారికి లెక్క మారును. వారు వైద్యునడిగియే తినవలెను. చూర్ణములు, కషాయములు వైద్యునికి చెప్పకుండ పోయరాదు.

రెండవది కదలిక. “నీవు లేవకుము, మేమున్నాము గదా” అని మంచమునకు కట్టిపడవేయుట మన మర్యాద. కండ మాత్రము పని లేనిచోట నిలువదు. నయము చేయు ఉద్దేశముతో జరుగు చికిత్స కాలమున నడకయు, కండలకు తగిన శ్రమయు ఉండవలెనని 2022లో అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘము సలహా ఇచ్చినది. పెద్ద వ్యాయామము కానక్కరలేదు. వైద్యుడు సరేయన్న పిమ్మట వసారాలో పది నిమిషముల నడక, కుర్చీలోనుండి చేతులూనక పదిమారులు లేచి కూర్చుండుట — ఇవి చాలును. కాళ్ళకు తిమ్మిరులున్నచో ఎవరైన ప్రక్కన నిలువవలెను.

మూడవది వ్రాత. ఒక చిన్న పుస్తకములో వారమున కొకమారు బరువు, బొడ్డు దగ్గర ఉదరపు చుట్టుకొలత, మోచేతిపై దండచేతి చుట్టుకొలత వ్రాయుడు. బరువు నిలిచి, ఉదరము పెరిగి, దండచేయి తగ్గుచున్నచో కండ పోయి నీరు చేరుచున్నదని గ్రహించి వైద్యునికి చూపుడు. మూడు ప్రశ్నలడుగుడు: “మోతాదు ఏ బరువుపై లెక్కించితిరి? స్కానులో కండ ఎట్లున్నది? ఆహార నిపుణులను కలియవచ్చునా?” అడుగుట అవిధేయత కాదు.

ఇచ్చట మన వంటి కుటుంబములకు ప్రత్యేకమైన ఇబ్బంది యొకటి కలదు. మన తాతల నాటినుండి ఈ రాష్ట్రముల భాషలు నేర్చుకొని బజారునను కచ్చేరిలోను ధారాళముగా మాట్లాడుచున్నాము. కాని ఒంటి బాధ చెప్పుకొనవలసి వచ్చినపుడు మన ఇంటి పెద్ద స్త్రీలకు తెలుగు తప్ప వేరు భాష నోట రాదు. ప్రక్కన కొడుకు నిలుచుండును. ఆమె సిగ్గుపడి “ఏమీ లేదు, గ్యాసు” అనును. అతడు అదే మాటను తమిళములోనో, కన్నడములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వైద్యునికి చెప్పును. నెలలు గడచిపోవును. కావున ముంబయి టాటా స్మారక ఆసుపత్రికి గాని, చెన్నై అడయారు క్యాన్సరు సంస్థకు గాని, బెంగళూరు కిద్వాయి సంస్థకు గాని, యానామునుండి పుదుచ్చేరి జిప్మరుకు గాని, ఊరిలోని చిన్న వైద్యశాలకు గాని, పోవునపుడు ఇంటి ఆడపడుచో కోడలో తోడు పోవలెను. బాధలను ముందుగా ఇంట తెలుగున చెప్పించుకొని, అక్కడి భాషలో కాగితముపై వ్రాసి తీసికొనిపోవలెను. వ్రాసి యిచ్చుటకు, తోడు పోవుటకు మన మహిళా విభాగమున నలుగురు ముందుకు వచ్చినచో ఈ సమావేశము సార్థకమగును. మొదటి పేరుగా మా పేరు వ్రాసికొనుడు.

మా వదినగారు పుస్తకము వ్రాయుట మొదలుపెట్టినది మూడవ విడత తరువాత. అప్పటినుండి వాయిదా లేకుండ ఆరు విడతలను ముగించిరి. ఆహారమువలననే అట్లు జరిగినదని మేము చెప్పము; వైద్యులు మోతాదును సరిచేసిరి, ఉదరపు నీరును తగ్గినది. నాలుగవ సంవత్సరమున వ్యాధి తిరిగివచ్చి ఆమెను తీసికొనిపోయినది. ఆ నాలుగేండ్లలో ఆమె మనుమరాలికి అక్షరాభ్యాసము చేయించి, గుణింతములు నేర్పిరి. మొదటి రెండున్నర నెలలు మేము కాటాను గాక గాజులను నమ్మియుండినచో ఏమగునో చెప్పజాలము. మీ ఇండ్లలో ఎవరికైన గాజులు వదులైనచో, దయచేసి బిగువైన గాజులు కొనిపెట్టి ఊరకుండకుడు.